పిడుదు దాటిన ఏరు: నడిగడ్డ కుక్కల నెత్తుటి జబ్బుల చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను అక్కడివారు నడిగడ్డ అంటారు. వడ్డేపల్లి ఆ నడిగడ్డకు దక్షిణపు అంచున, తుంగభద్రకు చేరువలో ఉన్న ఊరు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. అంతకు ముందు, 1948 దాకా, ఇది నిజాం రాజ్యపు సరిహద్దు సీమ. ఏటికి ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు 1839లో నవాబుల పాలన ముగిసిన నాటి నుంచి మద్రాసు రాజధానిలో భాగం. అందువల్ల నూరేళ్ళకు పైగా ఒకే భాష మాట్లాడే రెండు ఒడ్లు రెండు ప్రభుత్వాల కింద ఉండి, సరుకు ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు చేరాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం చెల్లించవలసి వచ్చేది. ఆ సుంకం వర్తించని ప్రయాణికుల్లో కుక్క ఒకటి, దాని చెవి మడతలో దాగిన పిడుదు మరొకటి, ఆ పిడుదు కడుపులో ఉన్న కంటికి కనిపించని జీవి ఇంకొకటి. ఈ మూడింటి చరిత్రలో విచిత్రమైన అసమానత ఉంది. జబ్బు రెండు ఒడ్లదీ అయినా, దాన్ని గురించిన చదువు అంతా ఆవలి ఒడ్డున, మద్రాసు శివార్లలోని ఒక ప్రయోగశాలలో పుట్టింది. అదికూడా ఊరి కుక్కను చూసి పుట్టినది కాదు, దొరల వేటకుక్కలను చూసి పుట్టినది.

నడిగడ్డలో కుక్కకు ఉన్న స్థానం ఇళ్ళ కాపలాతో తీరేది కాదు. కురుమలూ గొల్లలూ గొర్రెల మందలను రాత్రిపూట రైతుల పొలాల్లో నిలిపి, ఎరువుకు బదులుగా గింజలో డబ్బులో తీసుకొనే పద్ధతి పాలమూరు (మహబూబ్‌నగర్) సీమ అంతటా ఉంది. మంద చుట్టూ రాత్రంతా మేలుకొని తిరిగేది కుక్కే. తోడేలు వాసన ముందు పసిగట్టేదీ, నక్క కూతకు జవాబు చెప్పేదీ అదే. బోయల వేటలో కుక్క లేనిదే కుందేలు లేదు. కురుమలు కొలిచే మల్లన్న పక్కన కుక్క ఉంటుంది. తుంగభద్రకు దక్షిణాన మైలారలింగని గొరవయ్యలు దేవుని కుక్కలుగా తమను తాము భావించుకొని జాతరలో మొరిగి, నేలమీది పాత్రలోంచి నోటితోనే తినే ఆచారం ఇప్పటికీ ఉంది. కన్నడ సీమలోని ఆతకూరులో, రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలంలో, పందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు శిలాశాసనమే వేయించారు. పోరాటంలో చచ్చిన కుక్కకు రాయి దక్కింది కాని, జ్వరంతో తిండి మానేసి, చిగుళ్ళు తెల్లబడి, పాక మూలలో ముడుచుకొని చచ్చిన కుక్కను గురించి ఏ శాసనమూ లేదు. ఈ వ్యాసం రెండవ రకం చావును గురించినది.

కుక్క నెత్తురులో కాపురముండే పరాన్నజీవులు, అంటే మరొక ప్రాణి శరీరాన్ని ఇల్లుగానూ తిండిగానూ చేసుకొని బతికే జీవులు, చాలా రకాలు. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బబీసియా. ఇది ఏకకణజీవి, ఎర్ర రక్తకణంలోకి చొరబడి, అక్కడ రెండుగా చీలి, ఆ కణాన్ని పగలగొట్టుకొని బయటపడి, మరో కణంలో దూరుతుంది. కణాలు పగిలేకొద్దీ వాటిలోని ఎరుపు పదార్థం మూత్రంలో పడి మూత్రం ముదురు రంగుకు మారుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. దీన్ని ఒక కుక్క నుంచి మరో కుక్కకు మోసుకువెళ్ళేది పిడుదు. కొన్ని ఊళ్ళలో దీన్నే గోమారు అంటారు. పిడుదు కరిచిన వెంటనే జబ్బు అంటదు. అది చర్మానికి అంటుకొని నెత్తురు తాగుతూ రెండు మూడు రోజులు గడిపిన తరువాతే దాని లాలాజలంలోని బబీసియా కుక్కలోకి దిగుతుంది. అందుకే సాయంత్రం మంద నుంచి వచ్చిన కుక్కను ఒళ్ళో పడుకోబెట్టుకొని చెవులు తడిమి పిడుదులు ఏరి పారేసే కాపరి, శాస్త్రం పేరు తెలియకపోయినా, సరైన సమయంలో సరైన పని చేస్తున్నట్టే లెక్క.

నెత్తురులో ప్రాణాంతకమైన సూక్ష్మజీవిని చూసి, జబ్బుకు అదే కారణమని చెప్పిన తొలి ఘట్టాల్లో ఒకటి ఈ ఉపఖండంలోనే జరిగింది. 1880లో పంజాబు సరిహద్దులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు, సర్రా అని స్థానికులు పిలిచే జబ్బుతో కృశిస్తున్న గుర్రాల, ఒంటెల నెత్తురులో చేపపిల్లలా మెలికలు తిరుగుతూ ఈదే జీవిని చూశాడు. ట్రిపనోసోమా జాతిలో జబ్బు కలిగించేదిగా తెలిసిన మొదటి జీవి అది. ఎనిమిదేళ్ళ తరువాత, 1888లో, రుమేనియాలో విక్టర్ బబేష్ ఎర్రమూత్రం పోసే పశువుల రక్తకణాల్లో మరొక జీవిని చూశాడు. బబీసియా అన్న పేరు ఆయన పేరు నుంచే వచ్చింది. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్బోర్న్ టెక్సాస్ పశుజ్వరాన్ని మోసేది పిడుదేనని రుజువు చేశారు. తల్లి పిడుదు నెత్తురుతో తాగిన జబ్బుజీవి దాని గుడ్ల ద్వారా పిల్లల్లోకి దిగి, ఆ పిల్లలు కరిచినప్పుడు పశువుకు అంటుతుందన్నది అప్పటికి ఎవరూ ఊహించని సంగతి. సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసిన సంఘటనను తెలుగువారు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోదగినదే. అయితే కీటకాలు, పిడుదుల వంటి చిన్న జీవులు జబ్బులను మోస్తాయన్న ఆలోచనకు దారి వేసిన పనుల్లో పశువుల పిడుదుమీద జరిగిన ఈ పని ఒకటని గుర్తుంచుకోవడం న్యాయం. కుక్క విషయానికి వస్తే, 1895లో ఇటలీలో పియానా, గల్లీ-వలేరియో ఒక వేటకుక్క నెత్తురులో బబీసియాను చూశారు; 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ దాన్ని పిడుదు మోస్తుందని చూపాడు.

ఇక మద్రాసు. నగరానికి దక్షిణాన గిండీలో, సానిటరీ కమిషనర్ కింగ్ పేరున నెలకొన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదట మశూచి టీకా మందు తయారుచేసే చోటు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏళ్ళలో దానికి అధిపతిగా వచ్చిన సామ్యూల్ రికార్డ్ క్రిస్టఫర్స్ ఆ తరువాతి జీవితంలో మలేరియా పరిశోధనకు పెద్ద దిక్కయ్యాడు, నూరేళ్ళు దాటి బతికాడు. కాని గిండీలో ఆయన తీరికగా, ఓపికగా చేసిన పని కుక్క పిడుదుమీదే. 1905లో సిడ్నీ ప్రైస్ జేమ్స్ భారతదేశపు కుక్కల తెల్ల రక్తకణాల్లో ఒక కొత్త జీవిని వర్ణించాడు. ఎర్ర కణాలను కాక తెల్ల కణాలను ఆశ్రయించడం దాని ప్రత్యేకత. ఇప్పుడు దాన్ని హెపటోజూన్ కానిస్ అంటారు. క్రిస్టఫర్స్ 1906లో పిడుదు శరీర నిర్మాణాన్ని సవివరంగా వర్ణించి, 1907లో ఈ తెల్లకణ జీవి పిడుదులో ఎలా పెరుగుతుందో ఒక గ్రంథంలోనూ, బబీసియా పిడుదులో గడిపే దశలను మరొక గ్రంథంలోనూ ప్రకటించాడు. ఆ రెండు చిన్న పుస్తకాలూ భారత ప్రభుత్వం ప్రచురించిన శాస్త్ర పత్రాల వరుసలోవి. పిడుదు పేగును సూదిమొనతో విప్పి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసిన ఆ ఓపికకు కారణం కుక్కమీద జాలి కాదు. మలేరియా జీవికీ కాలా అజారు జ్వరపు జీవికీ దగ్గరి చుట్టాలైన జీవులను సులువుగా దొరికే జంతువులో చదువుకోవాలన్న వైద్యుని ఆశ అది. కారణం ఏదైనా, ఆ పని నిలిచింది.

క్రిస్టఫర్స్ తరువాత అదే సంస్థలో పనిచేసిన వాల్టర్ స్కాట్ పాటన్ 1910లో ప్రకటించిన చిన్న నివేదిక ఈ చరిత్రకు నడిబొడ్డు. పారిస్‌లోని ఉష్ణమండల వ్యాధుల సంఘపు పత్రికలో వచ్చిన ఆ నివేదిక శీర్షికలోనే కథ ఉంది: మద్రాస్ హంట్ వారి వేటకుక్కల నెత్తురులో కనిపించి, తరువాత నక్క నెత్తురులోనూ బయటపడిన కొత్త పైరోప్లాస్మా, దానికి గిబ్సోని అన్న పేరు. పైరోప్లాస్మా అన్నది ఆ రోజుల్లో బబీసియా తరహా జీవులన్నిటికీ వాడిన మాట. వాటిలో చాలావాటి రూపం బేరిపండులా ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. పాటన్ చూసిన జీవి మాత్రం బేరిపండు ఆకారంలో లేదు, చాలా చిన్నగా, ఉంగరంలా, చుక్కలా ఉంది. కుక్క ఎర్ర కణం వెడల్పు ఏడు మైక్రాన్లు అనుకొంటే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అప్పటికి తెలిసిన కుక్క బబీసియా అందులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. ఈ కొత్తది ఒకటి నుంచి మూడు మైక్రాన్లు మాత్రమే. నేడు బబీసియా గిబ్సోని అని ప్రపంచమంతటి పశువైద్యులూ పిలిచే జీవి ఇదే.

ఆ వేటకుక్కలు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవి. ఇంగ్లండులో వాటి పని గుంటనక్కను తరమడం. ఇక్కడ ఆ పని నక్కకు మారింది. మద్రాసులోనూ, నీలగిరుల్లో ఊటీలోనూ ఆంగ్ల అధికారులు గుర్రాలెక్కి, కుక్కల గుంపును ముందు వదిలి, నక్కను తరిమే క్రీడను స్వదేశపు ఆచారంగా కాపాడుకున్నారు. గుంపుగా ఒకే కొట్టంలో పడుకొనే, నక్కల బొరియల్లో ముక్కు పెట్టే, ఈ నేల పిడుదును ఎన్నడూ ఎరగని నెత్తురు ఉన్న కుక్కలకు ఈ జబ్బు సోకడం ఆశ్చర్యం కాదు. జబ్బు వాటిలో కనిపించాకే నక్కలో వెతికారు, అక్కడా దొరికింది. పాటన్ శీర్షికలోని ‘తరువాత’ అన్న చిన్న మాట పరిశోధన జరిగిన క్రమాన్ని చెబుతుంది, జబ్బు నడిచిన క్రమాన్ని కాదు. జీవి పరిణామం దృష్ట్యా నక్కలోని సంబంధం పాతది, వేటకుక్కలోనిది కొత్తది. గడ్డిపొదల్లో వేల ఏళ్ళుగా సాగిన ఒక నిశ్శబ్దపు ఒప్పందంలోకి ఇంగ్లీషు కుక్క తెలియక వచ్చి పడింది. నక్క పెద్దగా జబ్బుపడకుండానే ఈ జీవిని మోయగలదని తరువాతి పశువైద్య గ్రంథాలు చెప్పడంలో ఆ పాత ఒప్పందమే కనిపిస్తుంది. అడవి కుక్కజాతులకూ పెంపుడు కుక్కలకూ మధ్య నెత్తుటి పరాన్నజీవి ఉమ్మడి ఆస్తి అని ఇంత స్పష్టంగా, ఇంత తొందరగా చెప్పిన రచన అరుదు. పాటన్ 1913లో ఫ్రాన్సిస్ క్రాగ్‌తో కలిసి వైద్య కీటకశాస్త్రం మీద వెలువరించిన లావుపాటి గ్రంథం అనేక ఏళ్ళు విద్యార్థుల చేతిలో ఉండింది. ఒక దక్షిణ భారత ప్రయోగశాల ప్రపంచానికి పాఠ్యపుస్తకం ఇచ్చిన సందర్భం అది.

ఈ రచనల్లో ఊరి కుక్క ప్రస్తావన రాకపోలేదు. వచ్చిన చోట దాని పేరు ‘పారియా’ కుక్క. తమిళ సీమలోని ఒక అణగారిన కులం పేరును తీసుకొని, యజమాని లేని కుక్కకు తగిలించిన ఆ మాట మనుషులనూ కుక్కనూ ఒకేసారి అవమానించింది, దాన్ని శాస్త్రపత్రాల్లో మర్యాదగల పదంగా వాడడం ఆ అవమానాన్ని తగ్గించదు. కాలా అజారుకు కుక్క నిలయమేమోనని అనుమానించి మద్రాసులో పెద్ద సంఖ్యలో వీధికుక్కలను చంపి పరీక్షించిన రోజులవి. మధ్యధరా తీరపు దేశాల్లో కుక్క ఆ జబ్బును మోస్తుంది, కాని మద్రాసు కుక్కల్లో అది కనిపించలేదు. అంటే ఊరి కుక్క శాస్త్రానికి ఎక్కువగా అనుమానితురాలిగానో, నమూనాగానో పనికివచ్చింది, రోగిగా మాత్రం కాదు. ఊరి కుక్కలో బబీసియా జబ్బు ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు సమాధానం 1920ల అల్జీరియాలో దొరికింది. ఎడ్మోన్ సెర్జాన్, ఆయన సహచరులు పశువుల బబీసియాను చదువుతూ ‘ప్రెమునిషన్’ అన్న భావనను ప్రతిపాదించారు: చిన్నతనంలో జబ్బు సోకి బతికిన జంతువు నెత్తురులో కొద్దిపాటి జీవులు మిగిలే ఉంటాయి, అవి ఉన్నంతకాలం కొత్త దాడిని శరీరం ఎదుర్కొంటుంది. ఊరి కుక్క ఆరోగ్యంగా కనిపించడానికి వెనక పిల్లతనంలోనే చచ్చిపోయిన తోబుట్టువులున్నారు. నడిగడ్డ ఊళ్ళలో ఈతకు ఆరేడు పిల్లలను కనే కుక్కకు ఏడాది తిరిగేసరికి ఒకటి రెండే మిగలడం చూసినవారికి ఆ ‘నిరోధకశక్తి’ ఖరీదు తెలుస్తుంది. ఆకలి, పార్వో వైరస్, బండ్ల చక్రాలు వంటి ఇతర కారణాలు ఎన్ని ఉన్నా, పిడుదుకు అందులో వాటా ఉంది.

గిబ్సోనిని మోసే పిడుదు ఏదన్న వెతుకులాట చాలా ఏళ్ళు సాగింది. 1933లో ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన సంస్థకు చెందిన ఎస్.కె. సేన్ గోధుమరంగు కుక్క పిడుదును, అంటే రిపిసెఫాలస్ సాంగ్వినియస్‌ను వాహకంగా చూపాడు. 1937లో స్వామినాథ్, షార్ట్ మరో జాతి పిడుదు, హీమాఫైసాలిస్ బైస్పినోసా, ఆ పని చేస్తుందని నిరూపించారు. ఈ రెండు పిడుదుల స్వభావాలు వేరు, ఆ తేడా నడిగడ్డకు ఎంతో అర్థవంతమైనది. హీమాఫైసాలిస్ గడ్డి, తేమ, చెట్ల నీడ కోరుతుంది. పశువు నుంచి కుక్కకు, కుక్క నుంచి అడవి జంతువుకు మారుతుంది. తూర్పున కృష్ణకు ఆవల ఉన్న నల్లమల దానికి తగిన చోటు. గోధుమరంగు కుక్క పిడుదుకు కుక్క ఉంటే చాలు, ఎండకు బెదరదు. దాని పిల్ల, బాల, ముదురు దశలు మూడూ కుక్క నెత్తురే తాగుతాయి. ప్రతి భోజనం తరువాత కుక్కను వదిలి గోడ పగులులోకి చేరి కుబుసం విడుస్తుంది. నిండుగా తాగిన ఆడ పిడుదు గోడ ఎక్కి, సందులో దాగి, వేలకొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. తిండి లేకుండా నెలల తరబడి ఎదురుచూడగలదు. పాలమూరు, రాయలసీమ ప్రాంతాల మట్టిమిద్దెలూ, సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలూ, గొర్రెల దొడ్ల చుట్టూ వేసిన రాళ్ళ కట్టలూ ఈ పిడుదుకు కట్టిపెట్టిన ఇళ్ళ వంటివి. తుంగభద్రపై రాజోలిబండ వద్ద ఆనకట్ట కట్టి, ఆ కాలువ ద్వారా అలంపురం, గద్వాల సీమలకు నీరు మళ్ళించిన తరువాత వరి మళ్ళూ, కాలువ గట్ల గడ్డీ వచ్చాయి. మెట్ట నేలకు తడి నేల తోడయ్యింది. నక్కకు అది మంచి మేత భూమి, ఎలుకలూ ఎండ్రకాయలూ దొరికే చోటు. కాలువ గట్టు మీద రాత్రి నక్క, పగలు కుక్క నడుస్తాయి, పిడుదు అక్కడే ఉంటుంది.

సర్రా కథ వేరే దారిలో నడిచింది. ఎవాన్స్ చూసిన ఆ జీవిని మోసేది పిడుదు కాదు, జోరీగ. 1901లో లెనార్డ్ రోజర్స్ ముక్తేశ్వర్‌లో ప్రయోగాలు చేసి దాన్ని రుజువు చేశాడు. బబీసియా పిడుదు కడుపులో పెరిగి మారవలసినదైతే, ట్రిపనోసోమా జోరీగలో ఏమీ మారదు. ఒక జంతువును కుట్టి, తరిమితే లేచి, తడి ఆరని మూతితో వెంటనే మరో జంతువును కుట్టినప్పుడు నెత్తురుతో పాటే చేరుతుంది. కుక్కలో ఇది తీవ్రంగా ఉంటుంది: జ్వరం, కాళ్ళ వాపు, కంట్లో పువ్వు వేయడం. పువ్వు అంటే నల్లగుడ్డు మీద తెల్లని పొర కమ్మడం. ఈ కంటి గుర్తు చూసి అనుభవజ్ఞులైన పశువైద్యులు నెత్తురు పరీక్షకు ముందే సర్రాను అనుమానిస్తారు. సర్రాతో చచ్చిన పశువు మాంసం, నెత్తురు తిన్నప్పుడు కూడా మాంసాహారులకు జబ్బు అంటవచ్చు; గుంపుగా వేటాడి పచ్చి మాంసం తినే జంతువులకు ఇది పెద్ద ప్రమాదం. 2000 సంవత్సరంలో ఒడిశాలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో పన్నెండు పులులు కొద్ది రోజుల్లోనే ఈ జబ్బుతో చనిపోయినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. మనిషికి అంటదనుకొన్న ఈ జీవి తెలంగాణకు ఉత్తరపు సరిహద్దులో ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతులో కనిపించినట్టు 2005లో ప్రకటితమైంది. ఆయన రక్తంలో సాధారణంగా మనుషులందరికీ ఉండి ఈ జీవిని చంపే ఒక ప్రొటీను లేకపోవడమే కారణమని తరువాత తేలింది. పశువు, కుక్క, పులి, మనిషి, ఈ నలుగురినీ ఒకే జోరీగ కుడుతుందన్న సంగతికి అది నిదర్శనం.

జేమ్స్ 1905లో వర్ణించిన తెల్లకణ జీవి మరో విధంగా ప్రత్యేకం. హెపటోజూన్ పిడుదు కాటుతో అంటదు. కుక్క పిడుదును నమిలి మింగినప్పుడు అంటుతుంది. దురదకు తన ఒళ్ళు తానే కొరుక్కొనే కుక్క, పిడుదులు పట్టిన వేటను తినే అడవి జంతువు, రెండూ ఇలా దాన్ని తెచ్చుకుంటాయి. 2012లో హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల, లాకోన్స్, శాస్త్రవేత్తలు భారతదేశపు అడవి పిల్లిజాతుల్లోనూ కుక్కజాతుల్లోనూ ఈ జీవుల డీఎన్‌ఏను గుర్తించి ప్రచురించారు. క్రిస్టఫర్స్ పిడుదు పేగులో చూసిన జీవి నూట ఐదేళ్ళ తరువాత తెలుగు నేలమీది ప్రయోగశాలలో అక్షరాల వరుసగా చదవబడింది. ఈ పని గిండీ పనికి నేరుగా వారసత్వం. పైగా ఇందులో జంతువును కాపాడడమే పరిశోధన ధ్యేయం.

ఆ అడవి కుక్కజాతుల్లో నల్లమలకు ముఖ్యమైనది రేసుకుక్క. ఎర్రని ఒళ్ళు, నల్లని గుబురు తోక ఉండి, గుంపుగా వేటాడే ఈ జంతువును ఆంగ్ల ప్రభుత్వం చీడగా భావించి, చంపినవారికి బహుమతులిచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆ దృష్టి పూర్తిగా పోలేదు. ప్రపంచం మొత్తంలో సంతానం కనగల వయసున్న రేసుకుక్కలు రెండు వేల రెండు వందలకు మించవని, వెయ్యికి తక్కువ కూడా ఉండవచ్చని అంచనా. ప్రధానంగా నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైబడినది, వాటికి మిగిలిన ఆశ్రయాల్లో ఒకటి. అదే అడవిలో చెంచుల పెంటలు, అంటే వారి చిన్న ఊళ్ళు, ఉన్నాయి. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద వెలువరించిన గ్రంథం అమ్రాబాద్ పీఠభూమిలో చేసిన పనికి ఫలితం. ఆ పెంటల జీవితంలో కుక్క వేటకూ కాపలాకూ విడదీయరాని తోడు. వేసవిలో నడిగడ్డ, వనపర్తి సీమల మందలు మేత వెతుకుతూ నల్లమల అంచులకు వలస పోయే ఆనవాయితీ ఉంది. మందతో కుక్క, కుక్కతో పిడుదు పోతాయి. 1910లో మద్రాసు శివార్లలో నక్క నుంచి వేటకుక్కకు నడిచిన దారి ఇక్కడ రెండు వైపులా తెరిచి ఉంటుంది. ఊరి కుక్కకు పాత చుట్టమైన జీవి, అరుదైన రేసుకుక్కల గుంపుకు కొత్తగా, ఇతర జబ్బులతో కలిసి సోకితే నష్టం లెక్కకు మించినది. గిర్ అడవుల్లో 2018లో సింహాల చావుల వెనక కుక్కల డిస్టెంపర్ వైరస్, బబీసియా కలిసి ఉన్నాయన్న సంగతి ఆ భయానికి ఆధారం.

వైద్యం చరిత్ర క్లుప్తంగానే చెప్పవచ్చు. 1909లో కేంబ్రిడ్జిలో నట్టల్, హాడ్వెన్ ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగుతో కుక్కల పెద్ద బబీసియాను నయం చేశారు. మందు ఎక్కించిన జంతువు ఒళ్ళంతా నీలమయ్యేది. గిబ్సోనికి ఆ రంగు పనికిరాలేదు. 1950ల మధ్యలో వచ్చిన డిమినజీన్, పశువైద్యశాలల్లో బెరినిల్ అన్న పేరుతో ఎక్కువగా వినిపించేది, సర్రాకూ బబీసియాకూ వాడుకలోకి వచ్చింది. పెద్ద బబీసియాను తుడిచిపెట్టే ఆ మందు గిబ్సోనిని అణచగలదు గాని పూర్తిగా వదిలించలేక, నెలల తరువాత జబ్బు తిరగబెట్టడం సాధారణం. ఇరవై ఒకటవ శతాబ్దంలో అటోవక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇచ్చే పద్ధతి మేలని తేలింది, కాని దాని ఖర్చు గొర్రెల కాపరి భరించగలిగినది కాదు. పిడుదు మోసే మరో జబ్బు ఎర్లిచియా; దీన్ని కలిగించేది ఏకకణ పరాన్నజీవి కాదు, తెల్లకణాల్లో దూరే బాక్టీరియా. 1935లో అల్జీరియాలో దొనాసియెన్, లెస్తోకార్ దాన్ని కనుగొంటే, భారతదేశంలో దాని మొదటి నివేదిక 1940లలో మద్రాసు నుంచే వచ్చింది. ఒకే పిడుదు రెండింటినీ మోయడం వల్ల, రెండూ కలిసి సోకడం వల్ల, హైదరాబాదు వంటి నగరాల్లో కుక్కలను పెంచేవారు అన్నిటినీ కలిపి టిక్ ఫీవర్ అంటున్నారు. అదొక జబ్బు పేరు కాదు, పిడుదు తెచ్చే జబ్బుల గుంపు పేరు.

ఆవలి ఒడ్డున మద్రాసు పశువైద్య కళాశాల 1903లోనే మొదలైతే, ఈవలి ఒడ్డుకు హైదరాబాదు రాజ్యంలో పశువైద్య కళాశాల 1946లో వచ్చింది. నలభై మూడేళ్ళ ఆ ఎడం నడిగడ్డ కుక్కకు ఏమీ తేడా చేసిందనలేము, ఎందుకంటే రెండు ఒడ్లలోనూ పశువైద్యం ఎద్దు, గుర్రం, బర్రె, గొర్రె చుట్టూనే తిరిగింది. పొలం దున్నని, పాలివ్వని, పన్ను తేని జంతువు ఆసుపత్రి రిజిస్టరులో చోటు దక్కించుకోవడానికి దానికి రేబిస్ ఉందన్న అనుమానం రావాలి. కాపరి చేతిలో ఉన్నవి వేపనూనె, పొగాకు నానబెట్టిన నీళ్ళు, సీతాఫలం గింజల పొడి. వీటిలో పురుగును చంపే గుణం ఉన్న పదార్థాలు నిజంగానే ఉన్నాయి. కాని సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కుక్క కన్నే పోగలదు. పొగాకు రసం అతిగా పూస్తే అదే విషం. ఏ పాళ్ళలో, ఎక్కడెక్కడ పూయాలో, పూశాక ఒళ్ళు నాకకుండా ఎంతసేపు కట్టి ఉంచాలో పెద్ద కాపరులకు తెలిసిన లెక్క, అక్కడి మాటలోనే వ్రాసి పెట్టదగిన వైద్యవిద్య.

బబీసియాను గుర్తించడానికి అద్దపు పలక, రంగు, సూక్ష్మదర్శిని చాలు. పాటన్ చేతిలో ఉన్న పనిముట్లూ దాదాపు అవే. కుక్క చెవి అంచును సూదితో గుచ్చితే వచ్చే చుక్కలో, నరం నుంచి తీసిన నెత్తురులో కన్నా జీవులు ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే జీవి చేరిన కణాలు సన్నని కేశనాళాల్లో నిదానంగా కదులుతూ పోగవుతాయి. పలక మీద సన్నగా పరిచి, ఆరబెట్టి, జీమ్సా రంగు పోసి అరగంట ఉంచితే, గులాబీ కణాల మధ్య నీలి ఉంగరం, దాని అంచున ఎర్ర చుక్క కనబడతాయి. నడిగడ్డలోని శాంతినగర్ సంత రోజున అంగళ్ళ మధ్య తిరిగే కుక్క నెత్తురులోనూ, తెల్లవారుజామున కాలువ గట్టు దిగి పొలాల్లోకి జారిపోయే నక్క నెత్తురులోనూ, నల్లమల లోయలో జింకను తరిమే రేసుకుక్క నెత్తురులోనూ ఆ ఉంగరం ఒకే తీరుగా కనబడుతుంది. దాని పేరు మాత్రం ఇప్పటికీ, నూట పదిహేనేళ్ళకు పైగా, మద్రాసు వేటకుక్కల కొట్టంలో పెట్టినదే.